నడిమి దూలం

అనగనగా ఒక రాజు ఉన్నాడు. కథలో రాజు ఉండాలి కాబట్టి ఉన్నాడు. రాజ్యంలో తాను ఎందుకు ఉన్నాడో మాత్రం ఆయనకే తెలియదు. తెలుసుకోవాలని ఒకనాడు బుద్ధి పుట్టింది. దానితోపాటే ఈ కథా పుట్టింది.

ఆయన పేరు రణభీమవర్మ. రణం ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. వాళ్ల నాన్నగారూ చూడలేదు. తాతగారి కాలంలో ఒకసారి యుద్ధం వచ్చింది గానీ, ఆ రోజు వాన పట్టుకోవడంతో ఇరుపక్షాలూ ఇళ్లకి వెళ్లిపోయాయి. అంత చల్లని రాజ్యం అది.

ఆ రాజుగారి పల్లకీ మోసే బోయీలు నలుగురు. వెనక ఎడమవైపు మోసేవాడు పైడయ్య.

"రాజ్యభారం మోసేది రాజుగారు. రాజుగారిని మోసేది మేం నలుగురం. అంటే రాజ్యంలో పావు వంతు నా భుజం మీదే ఉంది. గూని ఊరికే రాలేదు మరి!" అని పైడయ్య చెప్పుకుని నవ్వుకునేవాడు.

"ఆ పావు వంతుకి నువ్వులనూనె రాసి రాసి నా అరచేతులు అరిగిపోయాయి. ముందు నా సంగతి చెప్పుకో," అనేది అతని భార్య గవరమ్మ.

గవరమ్మ ఉండేది జీడివాగు అవతల, మెట్టపాలెంలో. పైడయ్య ఉండేది కోటలో. అమావాస్యకి ఒకసారి ఇంటికి వెళ్లేవాడు. అదీ వాగు సరేనంటేనే. వానలు పడితే మూడు నెలలపాటు పెళ్లాం అటూ మొగుడూ ఇటూ.

ఆ వాగు మీద ఒకప్పుడు తాటి దూలాల వంతెన ఉండేది. ఏడేళ్ల కిందటి వరదకి కొట్టుకుపోయింది. "మళ్లీ కట్టాల్సింది మీరే," అన్నారు ఇవతల ఒడ్డున చింతలవాడ వాళ్లు. "కాదు, మీరే," అన్నారు అవతల మెట్టపాలెం వాళ్లు. మీరంటే మీరనుకుంటూ ఏడు వానాకాలాలు దాటేశారు. వాగును మాత్రం దాటలేదు.

ఈ ఏడు పైడయ్యకి కంటి మీద కునుకు లేదు. కూతురు నీలాలు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆషాఢంలో నెలలు నిండుతాయి. ఆషాఢంలోనే వాగూ నిండుతుంది. మంత్రసాని సన్నెమ్మ ఇల్లేమో ఇవతల చింతలవాడలో. నిరుడు వాగు పొంగిన రోజునే మెట్టపాలెంలో ఒక పిల్లకి నొప్పులు వచ్చాయి. సన్నెమ్మ ఈ ఒడ్డున నిలబడి, ఏం చెయ్యాలో గొంతు చించుకుని అరిచింది. నీళ్ల హోరులో సగం మాటలు అటు చేరలేదు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

అందుకని పైడయ్య మంత్రి చతురమూర్తి ముందు మూడుసార్లు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడుసార్లూ ఒకటే జవాబు.

"రాజుగారు ఆ దారిన వెళ్లరు కదరా! వెళ్లని దారికి వంతెనెందుకు?"

అదీ నిజమే. ఆ రాజ్యంలో పల్లకీ వెళ్లే దారులే బాగుపడేవి. తక్కినవాటిని కాళ్లకే వదిలేశారు.

ఇలా ఉండగా రాజుగారి పుట్టినరోజు వచ్చింది. పాయసం తాగి మూతి తుడుచుకుంటూ రాజుగారు అడిగారు.

"మంత్రీ, నేను లేకపోతే జనానికి ఏం లోటు?"

మంత్రి చెవులు మూసుకున్నాడు. "ఎంత మాట ప్రభూ! తమ పేరు తలచనిదే వాళ్ల గొంతులో ముద్ద దిగదు."

"అలాగా? అయితే ఆ ముద్దలు దిగడం నేనే చూస్తాను. మూడు ఊళ్లకి వెళ్లి అడుగుతాను."

మొదటి ఊరు పూలపాడు. పల్లకీ వెళ్లేసరికి దారి చదును చేసి ఉంది. నీళ్లు చల్లి ఉన్నాయి. ఊరి మొదట్లో నిలువెత్తు టేకు దూలాలతో స్వాగత ద్వారం లేచింది. కాలి బొటనవేలికి కట్టు కట్టుకున్న ముసలాయన ఒకడు ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"తమ పేరు తలచనిదే మా గొంతులో ముద్ద దిగదు ప్రభూ!"

రాజుగారికి కళ్లు చెమర్చాయి. పైడయ్యకి భుజం చెమర్చింది.

నాలుగు రోజుల తర్వాత రెండో ఊరు, గుమ్మడివలస. అక్కడా చదును దారే. అక్కడా టేకు ద్వారమే. ఆ ద్వారం కింద నిలబడ్డవాడూ ఆ ముసలాయనే! బొటనవేలి కట్టు కాస్త మాసింది, అంతే తేడా.

"మంత్రీ, ఈయన్ని మొన్న పూలపాడులో చూశాను కదూ?"

"వాళ్లిద్దరూ కవలలు ప్రభూ."

"కవలలిద్దరికీ ఒకే వేలికి దెబ్బ తగిలిందా?"

"ప్రభువుల ఏలుబడిలో కవలలు అంత ఆప్యాయంగా ఉంటారు ప్రభూ," అన్నాడు మంత్రి, రెప్ప వెయ్యకుండా.

తిరుగుదారిలో మంత్రి గుర్రం ముందు సాగిపోయింది. బోయీలు దాహానికి ఒక వేపచెట్టు కింద పల్లకీ దించారు. తక్కిన ముగ్గురూ బావి దగ్గరికి వెళ్లారు. పల్లకీ తెర కొంచెం పక్కకి జరిగింది.

"ఏరా పైడయ్యా, ఆ ముసలాయన్ని నువ్వూ చూశావు కదూ?"

'బోయీలకి భుజాలే గానీ నోళ్లుండవు. గుర్తుంచుకోండి' అని మంత్రి బయల్దేరేముందే హెచ్చరించాడు. పైడయ్య ధైర్యవంతుడేమీ కాదు. మీద బల్లి పడితే స్నానం చేసి వచ్చి మరీ భయపడే రకం. నోరు విప్పితే కొలువు పోతుంది. విప్పకపోతే? ఒడ్డున నిలబడి అరిచిన సన్నెమ్మ గొంతు చెవిలో మోగింది.

"ప్రభూ, నా నోరు మంత్రిగారి చేతిలో ఉంది. కాళ్లు మాత్రం నావే. వాటిని అడగండి," అన్నాడు.

"సరే, నీ కాళ్లేమంటున్నాయి?"

"ఇంత మెత్తని దారులు తమరు పల్లకీలో ఉన్నప్పుడే చూస్తామంటున్నాయి. తక్కిన రోజుల్లో ముళ్లూ రాళ్లూ పలకరిస్తాయంటున్నాయి."

రాజుగారు తెర పూర్తిగా పక్కకి లాగారు.

"రేపు మూడో ఊరు. ఎవరికీ చెప్పకుండా నువ్వు చెప్పిన ఊరికే పోదాం. ఏ ఊరు?"

"మెట్టపాలెం ప్రభూ. అది మా ఊరే. అందులో నా స్వార్థం ఉంది. ముందే చెప్పుకుంటున్నాను."

"స్వార్థం ముందే చెప్పినవాణ్ణి ఇన్నేళ్లలో నిన్నొక్కణ్ణే చూశాను. పొద్దున్నే బయల్దేరదాం."

"చిత్తం. ఫలహారం మాత్రం కాస్త తక్కువ చెయ్యండి ప్రభూ."

"ఎందుకురా?"

"దారి అలాంటిది."

మర్నాడు మంత్రి నిద్ర లేవకముందే పల్లకీ కోట దాటింది. పొలిమేర దాటగానే దారి తన నిజరూపం చూపించింది. మొదటి గోతిలో రాజుగారి తలపాగా జారింది. రెండో గోతిలో తమలపాకుల పెట్టె ఒలికింది. మూడో గోతిలో నాలుక కరుచుకున్నారు.

"నెమ్మదిరా!"

"ఇదే నెమ్మది ప్రభూ!"

జీడివాగు దగ్గర పల్లకీ ఆగిపోయింది. నీళ్లు మోకాలి లోతే గానీ, అడుగున పాకుడు రాళ్లు. రాజుగారు దిగి, చెప్పులు చేత పట్టుకుని, పైడయ్య భుజం ఊతగా నడిచారు. నడివాగులో కాలు జారి, సింహాసనం మీద కూర్చున్నంత తీరుగా నీళ్లలో కూర్చున్నారు. బోయీలు నవ్వు బిగపట్టుకున్నారు. నవ్వడం ఏ నేరం కిందికి వస్తుందో వాళ్లకి తెలియదు. చివరికి రాజుగారే నవ్వేశారు.

"నేనెవరో ఎవరితోనూ అనకండి," అని లేచారు.

అవతల ఒడ్డున పైడయ్య మేనత్త, అప్పలమ్మ అవ్వ, చాప మీద ఉలవలు ఎండబెట్టి కర్రతో కాకుల్ని తోలుతోంది. రాజుగారు తడిసిన మీసాలతో వెళ్లి ఎదురుగా కూర్చున్నారు.

"అవ్వా, మీకు రాజెవరు?"

"ఎవరో ఉన్నారు నాయనా. బుల్లిరాజుగారు కదూ?"

బుల్లిరాజుగారంటే రాజుగారి తాతగారు. "ఆయన పోయి ముప్పై ఏళ్లయింది అవ్వా."

"అయ్యో పాపం! ఎవరూ చెప్పనేలేదే!" అంది అవ్వ నొచ్చుకుని. "మరి ఇప్పుడెవరు?"

"ఆయన మనవడు. మంచివాడేనంటావా?"

"మంచివాడే అయ్యుంటాడు. చెడ్డవాడైతే ఈపాటికి మాదాకా తెలిసేది కదా."

"ఆయన లేకపోతే మీకేమైనా లోటా?"

అవ్వ ఆలోచించింది. "ఈ కాకుల్ని ఆయన వచ్చి తోలతాడా?"

"తోలడు."

"అయితే ఉన్నా సరే, లేకపోయినా సరే. ఎక్కడున్నా చల్లగా ఉండమను. ముందు నువ్వా తడిబట్టలు పిండుకో. జలుబు చేస్తుంది."

రాజుగారి ముఖం చిన్నబోయింది. ఇంతలో నీలాలు ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో మజ్జిగ చెంబు తెచ్చింది.

"అయ్యా, ఈ బాబెవరు?" అని తండ్రిని అడిగింది.

"పట్నం మనిషిలే అమ్మా," అన్నాడు పైడయ్య, నేల చూపులు చూస్తూ.

రాజుగారు మజ్జిగ అందుకుని ఆమెనూ అదే అడిగారు. నీలాలు తడుముకోలేదు.

"మేమే పండించుకుంటాం, మేమే వండుకుంటాం. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే అవ్వ తీరుస్తుంది. గట్టు తగువొస్తే ఊరిపెద్దలు తీరుస్తారు. వాటికి రాజెందుకు బాబూ? కానీ ఆ వాగుంది చూశారూ, అదే మాకు తీరని తగువు. ఇటువాళ్లు ఇటే చూస్తారు. అటువాళ్లు అటే చూస్తారు. రెండు ఒడ్లూ నావే అనేవాడు ఒక్కడు కావాలి. ఆ ఒక్కడు రాజు కాకపోతే, ఇంక రాజని ఎవర్ని అనుకోవాలి?"

రాజుగారు మజ్జిగ చివరి చుక్కదాకా తాగారు. చెంబు తిరిగిస్తూ, "నెలలెప్పుడు నిండుతాయమ్మా?" అన్నారు.

"ఆషాఢ పున్నమికి."

రాజుగారు లేచి మళ్లీ వాగులోకి దిగారు. సరిగ్గా నడిమధ్య ఉన్న బండరాయి మీద కూర్చుని, రెండు ఊళ్లనీ పిలుచుకు రమ్మన్నారు. ఎవరో మీసాలాయన నీళ్లలో కూర్చున్నాడంటే చూడ్డానికి జనానికి కొదవేముంది? రెండు ఒడ్లూ నిండిపోయాయి. నిండగానే అలవాటైన తగువు మొదలైంది.

"దూలాలు మీవే తేవాలి!"

"వరదకి పోయినవి మా దూలాలేరా!"

రాజుగారు చెయ్యి ఎత్తారు. "ఆ ఒడ్డు నుంచి ఒక వంతు మీరు కట్టండి. ఈ ఒడ్డు నుంచి ఒక వంతు వీళ్లు కడతారు. నడిమి దూలం నాది."

"నడిమిది నీదేమిటయ్యా? నువ్వు ఏ ఒడ్డువాడివి?" అని అరిచాడు చింతలవాడ పెద్ద.

"రెండు ఒడ్లవాణ్ణి."

అప్పుడే మంత్రి గుర్రం రొప్పుతూ వచ్చింది. "మహాప్రభూ! తమరేమిటి, ఈ వాగులోనేమిటి!"

జనం నోళ్లు తెరుచుకున్నాయి. అప్పలమ్మ అవ్వ మాత్రం బుగ్గలు నొక్కుకుంది. "బుల్లిరాజుగారి మనవడివా నాయనా! ముందే చెబితే ఉలవచారు పోసి అన్నం పెట్టేదాన్ని కదా!"

తర్వాత ఏడేళ్ల మాటలన్నీ ఇరవై రోజుల పనిగా మారాయి. ఊరూరూ తిరిగిన స్వాగత ద్వారం ఊడదీసి, ఆ టేకు దూలాలనే బళ్ల మీద తెచ్చి నడిమికి వేశారు. ఆ బళ్లలోనే బొటనవేలి కట్టు ముసలాయనా దిగాడు. ఈసారి ఆయనకి మాట నేర్పలేదు, చేతికి పార ఇచ్చారు. మాట కంటే పారే తేలిగ్గా ఉందన్నాడాయన.

ఆషాఢం వచ్చింది. వాన వచ్చింది. వాగు ఒడ్లు ఒరుసుకుని ఎర్రగా పారింది. ఆ పొద్దునే నీలాలుకి నొప్పులు మొదలయ్యాయి. పైడయ్య వంతెన ఇవతల చివర తాటాకు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. సన్నెమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్లు తడవకుండా, "నడిమిన కాస్త ఊగుతోందిరా పైడయ్యా, రాజుగారికి చెప్పు," అని సణుగుతూ దాటింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల కేరుమంది. వాగు హోరు మీద కూడా ఆ కేక ఈ ఒడ్డుకి వినిపించింది.

మంత్రిని రాజుగారు కొలువు నుంచి తీసెయ్యలేదు. ప్రతి పున్నమికీ పల్లకీ ఎక్కి, బాగుచెయ్యని దారులన్నీ తిరిగి రమ్మన్నారు, అంతే. మూడు పున్నములు తిరిగేసరికి మంత్రి నడుము దిగింది, రాజ్యంలో దారులు లేచాయి. ఆ పల్లకీకి వెనక ఎడమవైపు పైడయ్యే. "నెమ్మదిరా!" అని లోపల్నుంచి వినిపించినప్పుడల్లా, "ఇదే నెమ్మది అయ్యగారూ!" అనేవాడు ఎంతో వినయంగా.

పాత తప్పు దిద్దుకుందామని మంత్రి ఒక నల్లరాయి మీద రాజుగారి ముప్పైరెండు బిరుదులు చెక్కించి వంతెన పక్కన నాటించాడు. ఏడాది తర్వాత రాజుగారు తమ కాళ్లతోనే నడిచి చూడ్డానికి వచ్చారు. రాయి నాటిన చోట లేదు. కిందికి చూస్తే వాగు ఒడ్డున నీలాలు దాని మీద బట్టలు ఉతుకుతోంది. పక్కన పిల్ల నీళ్లు చిమ్ముకుంటోంది.

మంత్రి నెత్తి బాదుకున్నాడు. "అవి ప్రభువుల బిరుదులు తల్లీ!"

నీలాలు నాలుక కరుచుకుని లేచి నిలబడింది. "మాకు చదువు రాదు బాబూ. అక్షరాలున్న వైపు మురికి బాగా వదులుతోందని..."

పైడయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి రాజుగారు వంతెన గుంజ పట్టుకుని, కడుపు చేత్తో అదుముకుని నవ్వుతున్నారు.

"ఉండనియ్యి మంత్రీ! ఆ బిరుదులు ఇన్నాళ్లకి ఒకరికి పనికొచ్చాయి."

అప్పలమ్మ అవ్వకి ఆయన పేరు చివరిదాకా నోరు తిరగలేదు. అయినా వంతెన దాటిన ప్రతిసారీ నడిమి దూలం మీద ఒక్క క్షణం ఆగి, "ఎక్కడున్నా చల్లగా ఉండు నాయనా," అనేది.

కథ వంతెన దాటింది, మనం ఇల్లు చేరాం. ఇక నీతి ఒక్కటే మిగిలింది.

నెత్తిన కూర్చున్న ఏలికను జనం మోస్తారే గానీ తలచుకోరు. అడుగు కింద దూలమై నిలిచినవాణ్ణి, పేరు తెలియకపోయినా, చల్లగా ఉండమంటారు.