గొంతు తీపి చేసుకున్న తీతువు

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవి మొత్తానికి నీళ్లుండేది ఒక్క మడుగులోనే. ఏనుగులు, దుప్పులు, కుందేళ్లు అన్నీ అక్కడికే రావాలి. అవి వస్తాయని తెలుసు కాబట్టి చిరుతపులి కూడా అక్కడికే వచ్చేది. దానికి మాత్రం తెలివి లేదా ఏమిటి?

అందుకని ఆ ఏడు అడవిలో వాళ్లంతా కలిసి మడుగుకు కాపలాగా ఒక పిట్టనో జంతువునో పెట్టుకుందామనుకున్నారు. చిరుత కనబడగానే అరిచి అందరికీ చెప్పాలి. అదీ పని. జీతం ఏమిటంటే, మడుగు నడిమధ్య ఉన్న నల్లబండ. దాని మీద కాపురం ఉండవచ్చు. చుట్టూ నీళ్లే కాబట్టి అక్కడ ఎవరి కాలూ పడదు.

ఈ మాట చెవిన పడగానే తీతువు పిట్టకు ప్రాణం లేచొచ్చింది. తీతువులు చెట్ల మీద గూళ్లు కట్టవు. నేల మీదే, నాలుగు రాళ్ల మధ్య గుడ్లు పెడతాయి. కిందటేడు అది పెట్టిన గుడ్లను దుప్పుల మంద తొక్కేసింది. అంతకుముందు ఏడు అడవిపంది తొక్కేసింది. ఇంకో వారంలో మళ్లీ గుడ్లు పెట్టే వేళ వస్తోంది.

"ఆ బండ దొరికితే చాలు. ఈసారైనా నా పిల్లల్ని కళ్లారా చూసుకుంటాను" అంది మొగుడితో.

"వెళ్లు. నీకు కాక ఇంకెవరికి ఇస్తారు?" అన్నాడు మొగుడు. మొగుళ్లు అలాగే అంటారు. ఆ మాట లెక్కలోకి రాదు.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. నేరేడు చెట్టు నీడలో ఏనుగు పెద్దమ్మ, తాబేలు తాత కూర్చున్నారు. చుట్టూ దుప్పి తల్లులు, కుందేలు తల్లులు మేస్తున్నాయి. పిల్లలు ఆడుకుంటున్నాయి.

ముందు కోతి వెళ్లింది.

"చిరుత వస్తే ఏం చేస్తావు?" అని అడిగాడు తాబేలు తాత.

"చెట్టెక్కేస్తాను" అంది కోతి.

"ఆ తర్వాత?"

"ఇంకో చెట్టెక్కుతాను."

దాని ఇంటర్వ్యూ అంతటితో సరి. కోతికి ఏమీ బాధ లేదు. వెళ్తూ వెళ్తూ రెండు నేరేడుపళ్లు కోసుకుని మరీ పోయింది.

తర్వాత కోయిల వెళ్లింది. అరిచి చూపించమన్నారు. అది గొంతు సవరించుకుని "కుహూ" అని మొదలుపెట్టింది. ఏనుగు పెద్దమ్మ కళ్లు మూసుకుని తల ఊపింది. "ఇంకొక్కసారి నాయనా" అంది. కోయిల మళ్లీ పాడింది. ఆడుకుంటున్న పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోయాయి.

"ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. వెళ్లిరా నాయనా, ఎల్లుండి పొద్దున చెబుతాం" అంది పెద్దమ్మ.

కోయిల గాల్లో తేలుతూ బయటికి వచ్చింది. "ఉద్యోగం నాదే అక్కా" అంది తీతువుతో. "రెండుసార్లు పాడించుకున్నారు. పైగా, వెళ్లు అని ఊరుకోలేదు, వెళ్లిరా అన్నారు. రమ్మన్నారంటే తీసుకున్నట్టే కదా?"

ఎవరు సెలవు తీసుకున్నా పెద్దవాళ్లు వెళ్లిరా అనే అంటారు. ఆ సంతోషంలో పాపం కోయిలకు ఆ సంగతి గుర్తు రాలేదు.

చివరికి తీతువు వెళ్లింది.

"నీకు నిద్ర ఎక్కువా?" అని అడిగాడు తాత.

"అరకన్ను తెరిచే పడుకుంటాను తాతా."

"చిరుత వస్తోందని ఎలా తెలుస్తుంది?"

"గాలి లేకుండా గడ్డి కదిలితే చాలు."

"ఏదీ, అరిచి చూపించు."

తీతువు బలంకొద్దీ అరిచింది. "టిట్టిట్టీ! టిట్టిట్టీ!"

ఏనుగు పెద్దమ్మ చేటల్లాంటి చెవులు గబుక్కున మూసుకుంది. తాబేలు తాత తల డొప్పలోకి లాగేసుకున్నాడు. నిద్రపోతున్న పిల్లలన్నీ ఉలిక్కిపడి లేచి తల్లుల పొట్టల కిందికి దూరిపోయాయి.

"చాలు చాలు, ఆపు తల్లీ. ఎల్లుండి చెబుతాం" అంది పెద్దమ్మ, చెవులు దులుపుకుంటూ. తీతువుతో వెళ్లిరా అని కూడా అనలేదు.

తీతువు ఇంటికి వచ్చి చతికిలబడింది.

"ఏమన్నారు?" అన్నాడు మొగుడు.

"ఏమంటారు? చెవులు మూసుకున్నారు. నా గొంతు వాళ్లకు నచ్చలేదు."

"నచ్చలేదని చెప్పారా?"

"చెప్పాలా ఏమిటి? నాకు కళ్లు లేవా?" అంది తీతువు. "ఎల్లుండి దాకా టైముంది. గొంతు మార్చుకుని వెళ్తాను. ఇంకొక్క అవకాశం ఇమ్మని అడుగుతాను."

అనుకున్నదే తడవుగా కోయిల దగ్గరికి పోయింది. కోయిల మంచిదే. ఎలాగూ ఉద్యోగం తనదేననే ధీమా కూడా ఉంది. అందుకని ఓపికగా నేర్పింది. పొద్దున్నే ఇప్పపూల తేనె తాగించింది. ముక్కు సగమే తెరవమంది. "టి అనకు అక్కా, కు అను" అంది. రెండు రోజులు తీతువు తిండి మానేసి సాధన చేసింది. రెండో నాటి సాయంత్రానికి మెత్తగా, తీయగా "కుటీ, కుటీ" అనగలిగింది.

"జలుబు చేసిందా?" అన్నాడు మొగుడు.

మూడో రోజు పొద్దున అందరూ మడుగు దగ్గర చేరారు. కోయిల అప్పటికే చెట్టుచెట్టుకూ తిరిగి తన ఉద్యోగం సంగతి చెప్పేసింది. చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వచ్చింది.

"తీతువమ్మా, ముందుకు రా. ఇవాళ్టి నుంచి నువ్వే మా కాపలా" అన్నాడు తాబేలు తాత. కోయిల తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏదీ, ఒకసారి అరిచి చూపించు. పిల్లలు నీ గొంతు గుర్తుపెట్టుకోవాలి" అంది ఏనుగు పెద్దమ్మ.

తీతువు ముక్కు సగం తెరిచి "కుటీ, కుటీ" అంది. ఒక దుప్పి పిల్ల ఆవులించింది.

ఏనుగు పెద్దమ్మ వంగి చూసింది. "మొన్న వచ్చింది నువ్వేనా, మీ చెల్లెలా?"

"నేనే పెద్దమ్మా. గొంతు మార్చుకున్నాను. మొన్న మీరంతా చెవులు మూసుకున్నారు కదా."

"మూసుకున్నాం. అందుకే నిన్ను తీసుకున్నాం" అన్నాడు తాత. "కోయిల పాడితే పిల్లలు నిద్రపోయాయి. చిరుత వచ్చినప్పుడు నిద్రపోతే ఏం కాను? నువ్వు అరవగానే ఒక్క క్షణంలో తల్లుల దగ్గరికి చేరాయి. మాకు కావలసింది ఆ గొంతు. అది లేదంటే ఇంకొకరిని వెతుక్కోవాలి."

ఉద్యోగం వచ్చింది. వచ్చినదాన్ని తన చేతులారా పోగొట్టుకుంది. నల్లబండ ఎదురుగానే ఉంది, కానీ తన గుడ్లు మళ్లీ మందలు తిరిగే దారిలోనే పెట్టుకోవాలి. దానికి దుఃఖం తన్నుకొచ్చింది. తేనె, పాఠాలు అన్నీ మరిచిపోయి గొంతు చించుకుని ఏడ్చింది.

"టిట్టిట్టీ! ఎంత పని చేసుకున్నాను! టిట్టిట్టీ!"

పిల్లలన్నీ మళ్లీ తల్లుల కిందికి దూరాయి. కోయిల చుట్టాలు కొమ్మల మీంచి చెల్లాచెదురుగా ఎగిరిపోయారు.

"ఉంది ఉంది, గొంతు ఎక్కడికీ పోలేదు" అని నవ్వింది ఏనుగు పెద్దమ్మ. "ఊరుకో తల్లీ, బండ నీదే. మేము ఎల్లుండి చెబుతామన్నాం. నువ్వేమో ఆ రోజే తీర్పు చెప్పేసుకున్నావు."

ఆ మధ్యాహ్నమే తీతువు పనిలో చేరింది. వారం తిరిగేసరికి బండ మీద నాలుగు గుడ్లు పెట్టింది. నెలన్నర తిరిగేసరికి నాలుగు పిల్లలు బండంతా పరుగులు తీశాయి. నాలుగూ అచ్చం తల్లిలాగే చెవులు చిల్లులు పడేలా అరిచేవి. మడుగు దగ్గర ఎవరూ వాటిని గొంతు తగ్గించమనలేదు.

నీతి: ఎదుటివాళ్ల ముఖం చూసి గెలిచామనో ఓడామనో మనమే తేల్చేసుకోకూడదు. వాళ్లకు ఏం కావాలో తెలుసుకోకుండా మనలో ఉన్న మంచిని మార్చేసుకోకూడదు.