పుల్లన ఉత్తరీయం

సింగవరం ప్రభువు అనంతభూపతికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఆ ఏడు కుక్కల పిచ్చి పట్టింది. అంటించినవాడు దండనాయకుడు రణమల్లు. ఓడ మీద వచ్చిన దూడంత వేటకుక్కను సభకు తెచ్చి, మీసం దువ్వుతూ చెప్పాడు.

"ప్రభూ, మనిషి కట్టిన గుడ్డ వాసన చూపిస్తే చాలు. ఎక్కడ దాక్కున్నా ఇది పట్టేస్తుంది."

"అయితే ఇప్పుడే చూద్దాం. ఎవరు దాక్కుంటారు?" అన్నాడు రాజు.

సభలో అందరూ తలలు దించుకున్నారు. రణమల్లు చూపు తిన్నగా పుల్లన మీదికి పోయింది. రాజుగారిని నవ్వించడమే పుల్లన కొలువు. పేరుకే పుల్లన, మనిషి గుమ్మడికాయ. తనను తాను ఎగతాళి చేసుకుని బతికేవాడు. ఆ సరుకుకు అతని దగ్గర ఎన్నడూ కరువు రాలేదు.

"పుల్లన దాక్కుంటాడు ప్రభూ. రెండు గడియల్లో పట్టుబడితే అతని కొలువు మా బావమరిదికి ఇప్పించండి."

రాజు సరదాపడి సరేనన్నాడు. నవ్వించడం తప్ప పుల్లనకు ఇంకో విద్య రాదు. కొలువు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పరుగెత్తుదామా అంటే, కోట మెట్లెక్కడానికే రోజూ మూడుచోట్ల కూర్చుంటాడు. కుక్కతో పోటీ తనవల్ల కాదు. పడితే దండనాయకుడి డాబుతోనే పోటీ పడాలి అనుకున్నాడు.

భుజం మీది ఉత్తరీయం తీసి రెండువేళ్ళతో దూరంగా పట్టుకున్నాడు.

"ప్రభూ, దీన్ని ఉతికి పదకొండు రోజులైంది. మా ఆవిడ కర్రతో తప్ప తియ్యదు. దండనాయకులవారు పన్నీటి స్నానం చేసే సుకుమారులు, ముట్టుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు. వారిని కాస్త దూరం జరగమనండి."

సభ గొల్లుమంది. రణమల్లుకు రోషం వచ్చింది.

"శవాల మధ్య కూర్చుని అన్నం తిన్నవాణ్ణి. నీ గుడ్డకు జడుస్తానా?"

ఉత్తరీయాన్ని లాక్కుని ముఖం తుడుచుకున్నాడు, మెడ చుట్టూ వేసుకున్నాడు. కుక్క గొలుసు పట్టుకున్న కాపరి ఓబులేసు నసిగాడు.

"దొరా, వాసన చూపించే గుడ్డని మేం చేత్తో ముట్టుకోమండి..."

"నాకే నేర్పుతావురా?"

పుల్లన అందరికీ దణ్ణం పెట్టి బయటికి నడిచాడు. దాక్కోవడానికి అతనికి ఇచ్చిన అరగడియసేపూ రణమల్లు ఆ ఉత్తరీయంతోనే సభలో పచార్లు చేశాడు. స్తంభాల చుట్టూ తిరిగాడు, నిలువుటద్దం ముందు ఆగి మీసం సవరించుకున్నాడు, తాంబూలం పళ్ళెం దగ్గర వక్క నోట్లో వేసుకున్నాడు.

అప్పుడు ఉత్తరీయం తీసి కుక్క ముక్కు దగ్గర పెట్టాడు.

కుక్క నేల వాసన చూస్తూ బయల్దేరింది. స్తంభాల చుట్టూ తిరిగింది. అద్దం ముందు ఆగింది. తాంబూలం పళ్ళెం దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత నేరుగా వచ్చి, ముందరి కాళ్ళు రెండూ రణమల్లు గుండెల మీద వేసి మొరిగింది.

"ఛీ, పో" అని తోసి, మళ్ళీ వాసన చూపించాడు. మళ్ళీ అతని మీదికే వచ్చింది. దండనాయకుడు వడివడిగా నడిస్తే కుక్కా వడిగా నడిచింది. పరుగెత్తితే పరుగెత్తింది. సింహాసనం చుట్టూ అయిదోసారి తిరుగుతుండగా రెండు గడియలూ అయ్యాయని గంట మోగింది.

పుల్లన సభ తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చాడు.

"పారిపోదామనే బయల్దేరాను ప్రభూ. మొదటి మెట్టు దగ్గరే ఆయాసం వచ్చింది."

రాజు కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "ఓడెక్కి వచ్చిన కుక్క ఇంత తప్పు చేసిందేమయ్యా?"

"తప్పేం లేదు ప్రభూ. ఆ గుడ్డలో నాది పదకొండు రోజుల చద్ది వాసన, దండనాయకులవారిది వేడివేడి వాసన. రెండూ వడ్డిస్తే చద్ది కూడా వదలకపోవడానికి అదేమన్నా నేనా?"

సభ పడీపడీ నవ్వింది. నవ్వు ఆపుకోలేక ఓబులేసు గోడవైపు తిరిగాడు. రాజు చేతి కంకణం తీసి, "నీ కొలువు నీదే. రా, తీసుకో" అన్నాడు.

పుల్లన కదల్లేదు. దారి మధ్యలో కుక్క నాలుక చాపుకుని కూర్చుని ఉంది.

"అక్కణ్ణించే విసిరెయ్యండి ప్రభూ, పట్టుకుంటాను."