చెల్లని పావలా

అనగనగా, మరీ అంత దూరం కాదు, మూడు కొండల అవతల ఒక ఊళ్ళో ఆదెమ్మ అనే ఆవిడ ఉండేది. తోమడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఆవిడ చింతపండు వేసి తోమిన బిందెలో కాకులు మొహం చూసుకుని తల దువ్వుకునేవి. ఒకరోజు చందమామ దిగొచ్చి, నా మొహం మీది మచ్చ కాస్త తోమి పెట్టమ్మా అని అడిగాడట. ఆ పూట ఇంట్లో చింతపండు అయిపోయింది కాబట్టి సరిపోయింది. నవ్వకు, పడుకుని విను.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆదెమ్మ, ఆవిడ అత్త నూకాలమ్మ. ఆదెమ్మ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. నూకాలమ్మకి మూడొందల ఏళ్ళు. సరే, నువ్వు నమ్మనంటే తొంభై.

ఇంటి పెంకులు పగిలిపోయి వానొస్తే ఇల్లంతా కారేది. పోయినేడు గుమ్మం దగ్గర కారిందని ఆదెమ్మ అత్త మంచాన్ని గోడ వారకి జరిపింది. ఆ తర్వాత గోడ వారా కారితే పొయ్యి దగ్గరికి జరిపింది. ఆ తర్వాత పొయ్యి దగ్గరా కారింది. ఇంక జరపడానికి ఇల్లు లేదు. ఆ తడికి పట్టిన దగ్గు ముసలమ్మని ఇంకా వదల్లేదు. ఆవిడ దగ్గితే పక్కూళ్ళో కుండలు బీటలు వారేవి. మళ్ళీ తడిస్తే అత్త దక్కదని ఆదెమ్మ బెంగ. మబ్బులేమో అప్పుడే కొండ మీదకొచ్చి కూర్చున్నాయి.

అప్పుడు ఆదెమ్మకి ముస్తఫా సాయిబు గుర్తొచ్చాడు. ఆయన సంత ఊళ్ళో గడియారాలు బాగుచేసేవాడు. పాత నాణేలంటే ప్రాణం. మంచి కాసు దొరికితే మంచి ధర పెట్టి కొని, పసిపిల్లని పడుకోబెట్టినట్టు దూదిలో పెట్టుకునేవాడు. ఆదెమ్మ ఇంట్లో ఉప్పు జాడీ వెనకాల రెండు పాత కాసులున్నాయి. వచ్చి చూడమని కబురు పెట్టింది.

పెద్దమనిషి వస్తుంటే కాసులు నల్లగా ఉంటే ఎలా? ఆదెమ్మ పొద్దున్నే కూర్చుని రాణిగారి బొమ్మున్న రాగి కాణీని పట్టుకుంది. ఒకసారి చింతపండుతో తోమింది. ఆ తర్వాత ఉప్పుతో తోమింది. ఆ తర్వాత బూడిదతో తోమింది. అది ఎంత మెరిసిందంటే, వీధిలో పోయే ఎద్దు కళ్ళు మూసుకుని నడిచింది.

సాయిబు సైకిలు దిగి, గడియారాలు చూసే అద్దం కంట్లో బిగించుకుని, కాణీని చూశాడు. అద్దం తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఆదెమ్మా, ఆ నలుపు మురికి కాదమ్మా. నూరేళ్ళ వయసు. ఆ వయసునే తోమేశావు," అన్నాడు మెల్లిగా. రాణిగారి ముక్కు కూడా అరిగిపోయిందని, ఇప్పుడది ఉత్త రాగి ముక్కేనని చెప్పాడు. ఆయన మొహం చూస్తే, నష్టపోయింది ఆయనేమో అనిపించింది.

అప్పుడు ఆదెమ్మ రెండో కాసు తీసింది. వెండి రూపాయి. దానికి నడిమధ్య చిల్లు. ఎవరో మేకుతో పొడిచిన చిల్లని, కొనేవాళ్ళు గీత పడ్డ కాసుకే వెనకాడతారని ఆయన అన్నాడు. పోనీ వెండి తూకానికి తీసుకుంటానన్నాడు. అది తన మొగుడు చంటివాడుగా ఉన్నప్పుడు మొలతాడుకి కట్టిన కాసని ఆదెమ్మ చెప్పింది. సాయిబు దాన్ని గుడ్డలో చుట్టి ఆవిడ చేతిలోనే పెట్టేశాడు.

బయట ఉరిమింది. ఆదెమ్మ పైన పెంకుల్లోంచి కనిపిస్తున్న ఆకాశం వైపు చూసింది.

అప్పుడు మంచం మీంచి నూకాలమ్మ పిలిచింది. "ఒలే కోడలా, ఇంకోటుందే. నవ్వనంటే చూపిస్తాను."

రొంటిన దోపిన గుడ్డ మూట విప్పింది. అందులో ఒక పావలా. రాజుగారికి సగం మొహమే ఉంది. మిగతా సగం నెలవంకలా నున్నగా ఉంది.

నూకాలమ్మకి పదేళ్ళప్పుడు మూడు రోజులు నాట్లు వేస్తే ఇచ్చిన మొదటి కూలి అది. గాజులవాడి దగ్గరికి పట్టుకెళ్తే, సగం రాజుకి సగం గాజులే వస్తాయని నవ్వాడు. ఆ తర్వాత బెల్లం కొట్టుకి పోతే, కొట్టువాడు రాతి మీద కొట్టి చూసి విసిరేశాడు. ఆ తర్వాత ఇచ్చిన ఆసామి దగ్గరికే పోతే, నేనివ్వలేదు పొమ్మన్నాడు. ఆ రోజు నుంచి ఊరంతా ఆ పిల్లని చెల్లని పావలా అనే పిలిచింది. ఆ సిగ్గుకి ఎనభై ఏళ్ళు దాచుకుంది. కట్టుకున్న మొగుడికి కూడా చూపించలేదు.

ఆదెమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగితే తిరిగాయిగానీ, చెయ్యి ఊరుకోదే. అత్త పావలా అంత నల్లగా ఎలా ఇస్తామని చింతపండు గిన్నె అందుకుంది.

అంతే. ముస్తఫా సాయిబు అద్దం కంట్లో ఉండగానే తాడెత్తు ఎగిరి, ఆ గిన్నె లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. చొక్కా అంతా చారు.

"తోమకమ్మా, నీకు దండం పెడతా. దీన్ని మనుషులు చెడగొట్టలేదు. నాణేలు కొట్టే టంకసాలలోనే అచ్చు కింద పక్కకి జరిగి ఇలాగే పుట్టింది. ఇలాంటివి లక్షకొకటి. పైగా ఎవరూ పుచ్చుకోలేదు కదా, అందుకే ఇన్నేళ్ళూ అరగలేదు."

ఆ తర్వాత చేతులు కడుక్కుని, పావలాని అంచులతో పట్టుకుని, మీ కాసు నాకిస్తారా అని నూకాలమ్మని అడిగాడు. ముసలమ్మని 'మీరు' అన్నవాడు ఆ ఊళ్ళో అంతకు ముందు లేడు. ఆవిడ తలూపింది. ఆయనిచ్చిన డబ్బుతో మూడో నాటికి ఇంటి మీద ఎర్రటి కొత్త పెంకులు ఎక్కాయి.

నాలుగో నాడు వానొచ్చింది. ఏనుగు తొండాలంత ధారలు. లోపల ఒక్క చుక్క పడితే ఒట్టు. నూకాలమ్మ మాత్రం మంచం మీద అటూ ఇటూ దొర్లింది. టప్ టప్‌మని చప్పుడు లేకపోతే నిద్రెలా పడుతుందని సణిగింది. ఆ తర్వాత కాసేపాగి అడిగింది.

"కోడలా, నా పావలా నిజంగా చెల్లిందంటావా?"

"చెల్లింది అత్తా. పైన వాన కొడుతోంది, విను."

ముసలమ్మ విన్నది. వింటూ వింటూ నిద్రపోయింది.

చింతపండు చారుకి,
చిల్లుకాసు మొలతాడుకి,
వంకర పావలా దూదిలోకి,
కథేమో కంచి దారికి,
నా బంగారు కొండ నిద్రలోకి.