నక్క కంటికి నానో మందు

తుమ్మలబీడు అంచున కొంగ డాక్టరమ్మ కంటి ఆసుపత్రి నడిపేది. ఆ రోజుల్లో పాకలో ఇద్దరే రోగులు. ముల్లు గీరుకుని కంటిపొర చిరిగిన ఎద్దు మైలయ్య, పందెంలో కన్ను పొడిపించుకున్న ఓ పుంజు. పుంజుకు తోడుగా మూడు పెట్టలు దిగాయి. ఆ కబురు గుంటయ్య నక్క చెవిన పడింది. పెట్టలంటే గుంటయ్యకు ప్రాణం. ప్రాణమంటే, వాటి ప్రాణమే.

ఎడమకన్ను మూసుకుని, మూలుగుతూ, కుంటుకుంటూ వచ్చాడు.

"కంటికి దెబ్బ తగిలితే కుంటుతావేం?" అంది కొంగ.

"నొప్పి కాలిదాకా దిగింది తల్లీ! నానో మందేదో వేస్తున్నారటగా, నాకూ వేసి పాకలో ఓ మూల పడుకోనివ్వండి."

"నానో అంటే ఏమిట్రా?" అన్నాడు మైలయ్య.

"ఆమాత్రం తెలీదా? బాగా నానబెట్టింది!"

మైలయ్య నిట్టూర్చాడు. "కాదురా అబ్బీ. కంటికి ఆననంత సన్నటి రేణువులు. మామూలు చుక్కలు రెప్ప కొడితే కారిపోతాయి. ఇవి పుండును అంటిపెట్టుకుని మందును కొంచెం కొంచెంగా వదుల్తాయి. నాకు మసక విడిపోతోంది."

కొంగ గుంటయ్య కంట్లో ఏదో రంగు చుక్క వేసి, నీలం దీపం పెట్టి, మెడ వంచి చాలాసేపు చూసింది.

"అయ్యయ్యో, పెద్ద గాయమే! గోళ్లతో గోక్కోకుండా తలంతా లోపలికి పోయేలా మెడకు గరాటా కట్టాలి."

పాకలోకి రానిస్తే చాలనుకుని గుంటయ్య సంతోషంగా మెడ చాపాడు. కొంగ మూడు ముళ్లు వేసి, పాకలో ఓ మూల కూర్చోబెట్టి కాలువకు వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే గుంటయ్య పెట్ట మీదికి దూకాడు. నోటికంటే ముందు గరాటా అంచు నేలకు కొట్టుకుంది. మళ్లీ దూకాడు. స్తంభానికి తగిలి మెడ కలుక్కుమంది. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు. పుంజు గరాటా ముందు నిలబడి లోపలికి "కొక్కొరొకో!" అని కూసింది. గుంటయ్య చెవులు గింగురుమన్నాయి.

కొంగ తిరిగొచ్చేసరికి రెండు కళ్లూ తెరుచుకుని కాళ్లమీద పడ్డాడు. "నయమైపోయింది తల్లీ, విప్పెయ్!"

"గాయముంటే ఆ రంగు అంటుకుని పచ్చగా మెరుస్తుంది నాయనా. నీ కన్ను అద్దంలా ఉంది. ఉన్న గాయమైతే ఎప్పుడు మానుతుందో చెప్పగలను. లేని గాయం ఎప్పుడు మానాలి, నేనెప్పుడు విప్పాలి?"

పెట్టలు పగలబడి నవ్వుతుంటే, గుంటయ్య గరాటాతోనే పొదలకు తగులుకుంటూ అడవిదారి పట్టాడు.

లేని రోగం నటించేవాడికి వైద్యమే శిక్ష.