ఇప్పపూలూ, కంబళయ్య నిద్రా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తెల్లవారుజాము అనేది ఒకటుంటుందని వినడమే తప్ప, పుట్టిన దగ్గర్నుంచి దాన్ని కళ్ళతో చూడని ఎలుగుబంటి ఒకడుండేవాడు. పేరు కంబళయ్య. ఒళ్ళంతా నల్లటి కంబళి కప్పుకున్నట్టు ఉంటాడని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది.

కంబళయ్య మంచివాడు. ఎవరినీ ఒక్క మాట అనడు. కాకపోతే సూర్యుడు నడినెత్తికి వస్తే గాని కన్ను తెరవడు. రోజూ పొద్దుపోయేదాకా మడుగు దగ్గర కప్పల భజనలో కూర్చుని తాళం వేసేవాడు. కప్పలు అలిసిపోయినా తను లేచేవాడు కాదు. పెందలాడే లేచే జంతువులను చూస్తే అతనికి జాలి. పాపం, వీటికి నిద్ర పట్టదు కాబోలు అనుకునేవాడు. ఇలాంటివాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు. పేర్లు చెప్పను.

కంబళయ్యకు తేనెమ్మ అని ఒక చెల్లెలు. వాగు అవతలి గుట్ట మీద ఉన్న దుబ్బయ్య అనే ఎలుగుబంటికి ఆమెనిచ్చి పెళ్ళి చేశారు. ఒకరోజు మధ్యాహ్నం ఆ దుబ్బయ్య దిగాలుగా వచ్చాడు. తేనెమ్మ కడుపుతో ఉందట. వేవిళ్ళట. తేనె పెడితే మొహం తిప్పుకుంటోందట. చెదపురుగులు పెడితే లేచి వెళ్ళిపోతోందట. తునికి పండు వాసనే గిట్టడం లేదట. చిక్కి సగమైపోయిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎలుగుబంట్లలో ఒక ఆచారం ఉంది పిల్లలూ. వేవిళ్ళతో ఏదీ సయించని ఆడపిల్లకు, అన్న తన చేత్తో ఇప్పపూలు ఏరి తేవాలి. అవి తింటే నోటి చేదు పోతుంది. ఇంకెవరు ఏరినా పనికిరావు.

"ఇంతేనా? రేపే తెస్తాను" అన్నాడు కంబళయ్య.

దుబ్బయ్య నేల చూపులు చూస్తూ మెల్లిగా అన్నాడు. "ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి బావా. ఎండెక్కేసరికి దుప్పులు ఒక్కటి కూడా మిగల్చవు. ఇంకో ఇరవై రోజులైతే అసలు పూలే ఉండవు."

సాయానికి ఎవరైనా దొరుకుతారేమోనని కంబళయ్య అప్పుడే బయల్దేరాడు.

మర్నాడు తెల్లవారుజామున లేపమని అడవి కోడిపుంజును బతిమాలుకున్నాడు. పుంజు చెప్పిన వేళకు వచ్చి, పక్కన నిలబడి కూసింది. కంబళయ్య కదల్లేదు. చెవిలో మూతి పెట్టి కూసింది. కంబళయ్య నిద్రలోనే చెయ్యి చాపి, పుంజును దగ్గరకు లాక్కుని, తల కింద పెట్టుకుని, ఎంత మెత్తగా ఉందో అనుకుంటూ గురక పెట్టాడు. మిట్టమధ్యాహ్నం దాకా ఆ పుంజు దిండుగానే ఉండిపోయింది. బయటపడ్డాక ఈకలు సర్దుకుంటూ, తనకూ పెళ్ళాం పిల్లలు ఉన్నారనీ, ఇక తనని పిలవొద్దనీ చెప్పి వెళ్ళిపోయింది.

రెండో రోజు కోతులను పిలిచాడు. వెదురు బొంగుల్లో వాగు నీళ్ళు తెచ్చి మొహాన కొట్టమన్నాడు. కోతులకు ఇంతకంటే పండగ ఏముంటుంది? ఏడు బొంగులు కుమ్మరించాయి. కంబళయ్యకేమో పుష్కరాల్లో స్నానం చేస్తున్నట్టు కల వచ్చింది. నిద్రలోనే ముక్కు మూసుకుని మూడు మునకలు వేశాడు. తర్వాత బోర్లా తిరిగి, "వీపు కూడా కాస్త రుద్దండి నాయనా" అన్నాడు. కోతులు రుద్దాయి కూడా. ఆ సుఖానికి సాయంత్రం దాకా లేవలేదు.

మూడో రోజు బాగా ఆలోచించాడు. పూల దగ్గరకు తను వెళ్ళలేకపోతే పూలే తన మీదకు వస్తాయి కదా అని, వెళ్ళి ఇప్పచెట్టు కిందే వెల్లకిలా పడుకున్నాడు. తెల్లవారుజామున పూలు టపటపా రాలాయి. పొట్ట మీద రాలాయి, గెడ్డం మీద రాలాయి, చెవుల్లో రాలాయి. కంబళయ్య హాయిగా నిద్రపోతున్నాడు. దుప్పులు వచ్చాయి. పంక్తిలో కూర్చున్నట్టు చుట్టూ చేరాయి. అతను కళ్ళు తెరిచేసరికి బాగా పొద్దెక్కింది. ఒక ముసలి దుప్పి అతని చెవిలోంచి ఆఖరి పువ్వును నాలుకతో తీసుకుంటోంది.

"ఇంత వెచ్చటి విస్తట్లో తిని ఎన్నాళ్ళయిందో" అంది దుప్పి. "రేపూ ఇక్కడే పడుకో నాయనా."

కంబళయ్య ఒక బండ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్కడే పొదలో ఒక కౌజుపిట్ట పదకొండు మంది పిల్లలతో కాపురం ఉంటోంది. గుప్పెడంత పిట్ట. అయినా రోజూ కోడి కూయకముందే పదకొండు మందినీ లేపి, మొహాలు కడిగించి, వరసగా మేతకు తీసుకెళ్ళే తల్లి. ఆమెను అడవిలో అందరూ పిన్నీ అని పిలుస్తారు.

పిన్ని సంగతంతా విన్నది. ఎందుకు లేవలేకపోతున్నావని అడగలేదు. ఎప్పుడు తింటున్నావు, ఎప్పుడు పడుకుంటున్నావు అని అడిగింది. కంబళయ్య కప్పల భజన గురించి చెప్పాడు.

"లేవడం పొద్దున మొదలవదురా నాయనా. ముందు రోజు పొద్దుగూకినప్పుడే మొదలవుతుంది" అంది పిన్ని. "పొద్దుండగానే తిను. చీకటి పడగానే నా పిల్లలతో పాటు పడుకో. కన్ను తెరవగానే ఏమీ ఆలోచించకుండా కాలు కింద పెట్టు. వాగులో మొహం కడుక్కుని సూర్యనారాయణమూర్తికి ఒక దండం పెట్టుకో. ఎంత పొద్దెక్కినా సరే, ఏ సూర్యుడు కనిపిస్తే ఆ సూర్యుడికే."

"ఇంతేనా పిన్నీ?"

"ఇంతే. కాకపోతే రోజూ."

ఆ లోపల పూలు అయిపోతే ఎలాగని అతను అడిగాడు. ఇంకా పదిహేడు రోజులున్నాయని, ఇవాళ్టి కంటే రేపు కాస్త ముందు లేస్తే చాలని పిన్ని చెప్పింది.

ఆ రాత్రి కంబళయ్య పొదలో పట్టలేదు. అందుకని పదకొండు పిల్లలూ వచ్చి అతని బొచ్చులోనే పడుకున్నాయి. అతనికి నిద్ర రాదు. మడుగు దగ్గర కప్పలు తాళం తప్పి పాడుతుంటే కాలు ఆడించాడు. పిల్లలు కసిరాయి. సరేనని పిల్లల్ని లెక్కపెట్టాడు. ఒకసారి పన్నెండు వచ్చాయి. అనుమానం వచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. ఆ లెక్కలోనే కళ్ళు మూతపడ్డాయి.

మర్నాడు లేచేసరికి ఎప్పటిలాగే మిట్టమధ్యాహ్నం. అయినా కాలు కింద పెట్టాడు, మొహం కడుక్కున్నాడు, నడినెత్తి మీది సూర్యుడికి మెడ నొప్పి పుట్టేలా దండం పెట్టాడు. ఆ పై రోజు కాస్త ముందు. ఆ పై రోజు ఇంకాస్త ముందు. ఎనిమిది రోజులయ్యేసరికి సూర్యుడు తాటిచెట్టంత ఎత్తులో ఉండగానే లేస్తున్నాడు. కోతులు ఈ వింత చూడటానికి పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చేవి.

తొమ్మిదో రోజు సాయంత్రం కప్పలు గుంపుగా వచ్చాయి. నువ్వు లేక భజన చప్పబడిపోయింది, ఈ ఒక్కరోజుకూ రమ్మన్నాయి. మొహమాటానికి వెళ్ళాడు. ఇంకేముంది, మర్నాడు మళ్ళీ మిట్టమధ్యాహ్నమే మెలకువ. కంబళయ్య కళ్ళు మూసుకుని మళ్ళీ పడుకోబోయాడు.

"అంతా పోయింది పిన్నీ. చెల్లెలికి నేనేం మొహం చూపించను?"

"పోయింది ఒక్కరోజేరా. తక్కిన ఎనిమిది రోజులూ నీ ఒంట్లోనే ఉన్నాయి. లే, మొహం కడుక్కో."

లేచాడు. మొహం కడుక్కున్నాడు. తర్వాత తనే మడుగు దగ్గరకు వెళ్ళి, పొద్దుగూకే దాకా అయితే తాళం వేస్తాను, ఆ తర్వాత నన్ను వదిలేయండి అని దండం పెట్టి చెప్పాడు. కప్పలు సణుక్కుంటూనే భజన పెందలాడే మొదలుపెట్టాయి.

పదిహేనో రోజు దుబ్బయ్య మళ్ళీ వచ్చాడు. తేనెమ్మ లేచి కూర్చోలేకపోతోందని చెప్పాడు. అడవిలో ఇప్పచెట్లన్నీ పూత రాల్చేశాయి. వాగు మలుపులో ఒక్క చెట్టు మిగిలింది. పదహారో రోజు కంబళయ్య ఆ చెట్టు దగ్గరకు వెళ్ళేసరికి దుప్పులు మూతులు నాక్కుంటూ అప్పుడే వెనక్కి తిరుగుతున్నాయి. అంత దగ్గరలో తప్పిపోయింది.

పదిహేడో రోజు అతని కన్ను తెరుచుకునేసరికి అంతా చీకటి. చూపు పోయిందేమోనని భయపడ్డాడు. కానీ కాలు దానంతట అదే నేల మీద ఆనింది. వాగులో మొహం కడుక్కున్నాడు. దండం పెట్టుకుందామంటే సూర్యుడు లేడు. కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన వచ్చే దిక్కుకే ఒక దండం పెట్టి, చెట్టు దగ్గరకు నడిచాడు.

పూలు అప్పుడే రాలుతున్నాయి. లేత పసుపు రంగులో, మంచు తడితో, ఒక్కొక్కటీ చిన్న తేనె బొట్టులా. దుప్పులు వచ్చి, కంబళయ్య నిలబడి ఉండటం చూసి ఆశ్చర్యానికి మేయడం మరిచిపోయాయి. అతను ఒక్కొక్క పువ్వే ఏరి మోదుగాకుల దొప్ప నింపాడు. ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు.

తెలతెలవారుతుండగా గుట్ట ఎక్కుతున్న బావను చూసి దుబ్బయ్య కంగారుపడ్డాడు. "ఏమైంది బావా? ఎవరికైనా ప్రాణం మీదకు వచ్చిందా?" అని ఎదురు పరిగెత్తాడు.

"ఏమీ కాలేదు. తెల్లవారింది" అన్నాడు కంబళయ్య.

తేనెమ్మ పడుకునే ఒక పువ్వు నోట్లో వేసుకుంది. ఇంకొకటి తిన్నది. తర్వాత లేచి కూర్చుని, దొప్ప ఒళ్ళో పెట్టుకుని, అడుగున అంటిన తీపి కూడా నాకేసింది. రేపు కూడా తెస్తావా అన్నయ్యా అని అడిగింది. పూలు ఇవాళ్టితో ఆఖరు తల్లీ అన్నాడు కంబళయ్య. అయితే ఆ తేనె ఉంటే పెట్టండి, ఆకలిగా ఉంది అంది తేనెమ్మ. దుబ్బయ్య తేనెపట్టు కోసం పరిగెత్తిన పరుగు చూసి అన్నాచెల్లెళ్ళిద్దరూ నవ్వుకున్నారు.

మర్నాటికి అడవిలో ఒక్క ఇప్పపువ్వు లేదు. కంబళయ్యను లేవమని అడిగినవాళ్ళు లేరు, లేచి చెయ్యాల్సిన పనీ లేదు. అయినా సూర్యుడు వచ్చేసరికి అతను మొహం కడుక్కుని, తూర్పు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

నీతి: ఒక్కనాటి పంతంతో పొద్దున లేవలేం, ముందు రోజు సాయంత్రం నుంచి, రోజూ కాస్త కాస్తగా చేసుకున్న చిన్న అలవాటే మనల్ని లేపుతుంది.