మసిమొగం తల్లి, చుక్కాని సంతతి

రండి పిల్లలూ, ముందుకు జరిగి దగ్గరగా కూర్చోండి. ఈ కొండగాలికి మాట సగం లోయలోకే పోతుంది. పిల్లి ఒళ్ళోకి ఎక్కితే తోసెయ్యకండి, ఇక్కడ మనకంటే అవే పాతకాపులు. అరిస్తే జడుసుకోకండి, వాటి పలకరింపే అంత.

తూర్పు కనుమల్లో ఘాటీ బాట ముగిసే చోట వెదుళ్ళవలస అనే ఊరు ఉంది. ఊరికి పైన, ఇదిగో ఈ బండ మీద, మసిమొగం తల్లి వెలసి ఉంది. అమ్మవారి రూపం ఒక తెల్లని పలుగురాయి. ఉలి తగిలిన గుర్తు ఎక్కడా లేదు. అయినా తల, చేతులు, పాదాలు అనుకోదగిన వంపులు కంటికి తెలుస్తాయి. ఒళ్ళంతా తెలుపు, ముఖమూ చేతులూ పాదాలూ నలుపు.

గుడి చుట్టూ తిరిగే పిల్లులదీ అదే రంగు. ఒళ్ళు మీగడ రంగులో ఉంటుంది. మూతి, చెవులు, పాదాలు, తోక మాత్రం పొయ్యిలో పెట్టి తీసినట్టుంటాయి. కళ్ళు నీలం, కొన్నింటికి కాస్త మెల్ల. తోక చివర ఎముక వంకర తిరిగి ఉంటుంది. గొంతు విప్పితే పురిటింట్లో చంటిబిడ్డ ఏడ్చినట్టే. మనిషి ఎటు పోతే అటు కుక్కలా వెంట నడుస్తాయి. పుట్టినప్పుడు వీటి ఒంటి మీద నల్లని వెంట్రుక ఒక్కటీ ఉండదు. తల్లి కడుపులోని వెచ్చదనం వదిలి చలిగాలి సోకాక, ఒంట్లో ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ నలుపు దిగుతుంది. ఈ జాతి చెడిపోకూడదని ఊరివాళ్ళు వేరే పిల్లిని కొండ ఎక్కనివ్వరు. దీన్ని చుక్కాని సంతతి అంటారు.

పూర్వం ఇక్కడ అమ్మవారికి ఈ పేరు లేదు. రాయి తెలుపును బట్టి తెల్లమ్మ అని పిలిచేవారు.

ఆ రోజుల్లో ఒక ఏడు ఈ కొండల్లో వెదురు పూసింది. వెదురు తరానికొకసారి పూస్తుంది, పూసి చచ్చిపోతుంది. రాలిన గింజ తిని ఎలుకలు అడవి నిండా పెరిగాయి. గింజ అయిపోగానే ఊళ్ళ మీద పడ్డాయి. కోతకొచ్చిన చోడిచేను, అంటే రాగిచేను, తెల్లారేసరికి మొండి కాడలయింది. మిగిలిన విత్తనాలను ఊరంతా కలిసి రాతిగోడల కొట్టులో గాదెలకెత్తి, తాము మామిడి టెంకల అంబలి తాగుతూ గడిపారు. తిండి లేకపోతే ఈ ఏడు కష్టం. విత్తనం పోతే ఊరే ఖాళీ అవ్వాలి.

ఆ ఊరి పెద్ద చిన్నప పడాల్. పూజలకూ ముహూర్తాలకూ దిసారి సుక్రయ్య. దిసారి చెడ్డవాడు కాడు, కానీ భయపడిన మనిషి. ఇంట్లో మనవలు ఆకలికి నిద్రపోయేవారు కాదు. ఒకనాడు అతనికి కలలో తెల్లమ్మ కనబడి, మచ్చలేని తెల్లని జీవం ఊళ్ళోకి వస్తుందనీ, దాన్ని కాపాడితే విత్తనం దక్కుతుందనీ చెప్పింది.

మార్గశిరంలో కింది సముద్రతీరం నుంచి ఉప్పు వర్తకులు ఘాటీ ఎక్కి వచ్చారు. వారిలో దాలమ్మ అనే విధవరాలు ఉంది. ఘాటీలో ఆమె ఎద్దు కాలు విరిగింది. తోటివాళ్ళు కొంతసేపు ఆగి, చలికి తాళలేక సాగిపోయారు. దాలమ్మకు ఒక ఉప్పు బస్తా, ఒక వెదురు గంప మిగిలాయి. ఆ గంపలో నిండు చూలుతో ఉన్న ఆడపిల్లి ఉంది.

దాని పేరు చుక్కాని. వంకర తోకను చూసి ఒక ఓడ కళాసీ పెట్టిన పేరు. సముద్రానికి ఆవల సయాం దేశంలో ఈ జాతి పిల్లులు రాజుల ఇళ్ళలో పెరుగుతాయనీ, దాని తల్లి ఓడలో బియ్యం బస్తాలకు కాపలాగా వచ్చిందనీ అతను చెప్పాడు. అందులో ఎంత నిజమో దాలమ్మకు తెలియదు. పెనిమిటి పోయాక ఇంట్లో తనతో మాట్లాడే ప్రాణి అదొక్కటే అని మాత్రం తెలుసు.

దాలమ్మ ఆ రెండూ మోసుకుని ఊరు చేరితే, ఊరివాళ్ళు గంప మూత తీసి చూశారు. కరువు ఏట, మాడిన ముఖంతో, పసిబిడ్డ గొంతుతో అరిచే జంతువు. ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

"దీన్ని లోయలోకి విసిరెయ్యండి. పొద్దున్నే," అన్నాడు దిసారి.

ఆ సాయంత్రమే చుక్కాని గంపలోంచి జారిపోయింది. ఊరంతా వెతికారు. తెల్లవారాక విత్తనాల కొట్టులో, ఊక కుప్ప మధ్య దొరికింది. దాని పొట్టకు ఆనుకుని పిల్లలున్నాయి. దూది పింజల్లా తెల్లగా, ఎక్కడా చుక్క లేకుండా ఉన్నాయి.

దిసారి కలలో విన్నమాట ఊక మీద పడుకుని పాలు తాగుతోంది. అతను అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి మీద చెయ్యి వెయ్యవద్దన్నాడు. తర్వాత దాలమ్మ వైపు తిరిగాడు.

"ఉప్పు అమ్ముకునేదానివి. ఉప్పు పట్టుకుని చెప్పు. వీటికి మచ్చ లేదు గదా?"

దాలమ్మ గుప్పిట్లో ఉప్పు కరకరలాడింది. చుక్కాని కూడా పుట్టినప్పుడు ఇలాగే ఉండేది. దాని తల్లీ అంతే. ఇవి నల్లబడతాయని ఆమెకు తెలుసు. తెలిసిందంతా చెబితే తల్లినీ పిల్లల్నీ కలిపి లోయలోకి విసిరేస్తారనీ తెలుసు.

"ఇక్కడున్నాయి గదా బాబూ, చూసుకోండి. మచ్చ లేదు," అంది.

పడాల్ తీర్పు చెప్పాడు. దాలమ్మ కొట్టు పంచలో ఉండి వాటిని సాకాలి. విత్తే రోజు దాకా ఇతరులెవరూ కొట్టులోకి పోకూడదు. వాటిమీద మచ్చ కనబడితే అమ్మవారిని మోసం చేసినట్టే. జంతువులు లోయకి, మనిషి అడవికి.

అప్పటినుంచి దాలమ్మ తెల్లవారగానే చేసే మొదటి పని పిల్లల చెవులు చూడటం. రాతికొట్టు లోపల గడ్డి అంటుకుంటుందని నిప్పు పెట్టరు. ఆ చలి ఎముకల్లోకి దిగేది. మొదట చెవి అంచున పొగ తగిలినట్టు ఒక గీత కనబడింది.  అంతకుముందు ఎలుక కొరికితే దాలమ్మ చుక్కాని తొడమీద వెంట్రుకలు గొరిగి పసుపు పెట్టింది. ఆ చలిలో అక్కడ మళ్ళీ మొలిచిన వెంట్రుకలు నల్లగా వచ్చాయి. అది చూశాక ఆమెకు సంగతి అర్థమైంది. నలుపు తెచ్చేది చలి.

వెంటనే పిల్లల్ని పంచలో పొయ్యి దగ్గరికి చేర్చి, గంపలో గుడ్డలు కప్పింది. చుక్కాని కూడా వాటిని విడిచిపోలేదు. నలుపు నెమ్మదించింది. కానీ గోడకి అవతల, గాదెల్లో, గింజ కొరుకుతున్న చప్పుడు మొదలైంది.

పగలు పిల్లలు ఒళ్ళో ఆడుకుంటుంటే ఆమె చెవులు మాత్రం గోడకే ఉండేవి. అవి పెరిగాయి, గోళ్ళు సాగాయి, గోడ చప్పుడుకి చెవులు రిక్కించి మూలిగేవి. తలుపు తీస్తే వేటకు పోతాయి, నల్లబడతాయి. తీయకపోతే తెల్లగా బతుకుతాయి, ఊరు పోతుంది. ఏదో ఒకటి చెయ్యాలని ప్రతి పూటా అనుకునేది. ప్రతి పూటా గుడ్డలు ఇంకాస్త పైకి లాగేది.

పడాల్ తల్లి జోగమ్మ పంచ దాకా అంబలి తెచ్చిచ్చేది. తెల్లమ్మ గుడిలో దీపం పెట్టేదీ ఆవిడే. ఒక పొద్దున గంపలోకి తొంగి చూసింది.

"ఒలే దాలమ్మా, దీని సెవికి అదేటే?"

"పొయ్యి మసి అవ్వా."

"కడిగెయ్యి మరి, సూత్తాను."

దాలమ్మ గుడ్డ తడిపి చెవి తుడిచింది. మళ్ళీ తుడిచింది. గుడ్డ శుభ్రంగానే ఉంది, చెవి నల్లగానే ఉంది. పిల్లి విసుక్కుని అరిచింది. దాలమ్మ చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"మంచి మసే," అంది జోగమ్మ. "నా కోడలు గిన్నెలు తోమినా ఇలాగే ఉంటాయి." గోడకు చెవి ఆనించి కాసేపు విన్నది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "అవతల గాదె సగానికి దిగినట్టుందే. గింజ పోయాక ఇవి తెల్లగుంటే ఏటి, ఎర్రగుంటే ఏటి?"

ఆవిడ వెళ్ళిపోయాక కూడా దాలమ్మ తడిగుడ్డ పట్టుకునే కూర్చుంది. పొద్దు వాలుతుండగా లేచి, పొయ్యిలో నీళ్ళు పోసింది. గంప మీది గుడ్డలు తీసేసి, కొట్టు తలుపు తెరిచింది. చుక్కాని ముందు నడిచింది. పిల్లలు దాని వెనక ఒక్కొక్కటే చీకటి గదిలోకి వెళ్ళాయి. ఆమె తలుపు మూసి, దానికే వీపు ఆనించి కూర్చుంది. లోపల మొదట నిశ్శబ్దం. తర్వాత ఊక చెదిరిన చప్పుడు, కీచుమన్న ఎలుక అరుపు. ఆ వెనకే చంటిబిడ్డ ఏడుపులాంటి ఆ గొంతులు ఒకదాన్నొకటి పిలుచుకోవడం మొదలుపెట్టాయి.

ఆనాటి నుంచి తెల్లారేసరికి వాకిట్లో చచ్చిన ఎలుకలు కుప్పపడేవి. చూసినవాళ్ళు తెల్లమ్మకు దూరం నుంచే దండం పెట్టేవారు. వాళ్ళు దండం పెట్టిన కొద్దీ దాలమ్మకు అంబలి దిగేది కాదు. లోపల పిల్లుల మూతి నల్లబడింది, తర్వాత పాదాలు, తర్వాత తోక.

వైశాఖంలో తొలి వాన పడింది. ఊరంతా బుట్టలు పట్టుకుని కొట్టు ముందు నిలిచింది. పడాల్ స్వయంగా తలుపు తీశాడు. సగం తిన్న గాదె ఒక్కటి తప్ప మిగతావన్నీ నిండుగా ఉన్నాయి. ఎవరో ఆనందంతో ఏడ్చారు. అంతలో మనుషుల అలికిడి విని, మనిషిని చూస్తే ఆగలేని ఆ జాతి గుణం కొద్దీ, పిల్లులు తోకలు ఎత్తి ఎండలోకి నడిచి వచ్చాయి. తిన్నగా దిసారి కాళ్ళ దగ్గరికి పోయి ఒళ్ళు రాసుకున్నాయి.

జనం వాటి నల్లని మూతులకేసి, పాదాలకేసి చూశారు.

"ఉప్పు పట్టుకుని చెప్పావు," అన్నాడు దిసారి. గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే దాలమ్మకు మరీ భయం వేసింది.

"ఆ రోజు అవి తెల్లగానే ఉన్నాయి బాబూ. నల్లబడతాయని నాకు తెలుసు. చెబితే చంపేస్తారని చెప్పలేదు. నన్ను అడవికి తోలెయ్యండి. వాటిని మాత్రం ఉంచుకోండి. వచ్చే ఏడూ ఎలుకలు వస్తాయి."

పడాల్ గాదెల వైపు, పిల్లుల వైపు చూశాడు. విత్తనం దక్కినమాట నిజం. అమ్మవారి పేరిట తాను పెట్టిన కట్టు తప్పినమాటా నిజం. "మొక్కు అమ్మవారిది. ఆమె ముందే తేల్చుకుందాం," అన్నాడు. విత్తనం బుట్టలకెత్తుకుని, దాలమ్మను ముందు నడిపించారు. పిల్లుల్ని గంపలో పెట్టి ఇద్దరు మోశారు. గుడి పక్కనే లోయ ఉంది. బాట పొడుగునా గంపలోంచి అవి ఆమెను పిలుస్తూనే ఉన్నాయి. వెనక్కి తిరగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

గుడి తలుపు తీశారు. ముందున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. తెల్లమ్మ ముఖం నల్లగా ఉంది. చేతులు నలుపు. పాదాలు నలుపు. మధ్యన ఒళ్ళు మాత్రం ఎప్పటిలా తెల్లగా మెరుస్తోంది.

దిసారి లోపలికి వెళ్ళాడు. రాతిని వేలితో తాకి, వేలు వెలుగులోకి తెచ్చి చూసుకున్నాడు. మసి అంటింది. అతను నెమ్మదిగా తిరిగి గుంపులోకి చూశాడు. వెనక వరుసలో జోగమ్మ చీరకొంగు కింద చేతులు దాచుకుని నిలబడి ఉంది.

"ఏట్రా సుక్రా, అలా సూత్తన్నావు? రోజూ దీపం ఎలిగించే చేతులు. మసి గాక గంధం ఉంటాదా?"

  దిసారి నోటినుంచి ఒక్క మాట వస్తే చాలు, గంప లోయలోకి పోతుంది. అతను తన వేలి మీది మసిని చూశాడు. గుడి వాకిట్లో దించిన బుట్టల నిండా ఉన్న విత్తనాన్ని చూశాడు. తన మనవలు గంప పక్కన చేరి, సందుల్లోంచి వేళ్ళు పెట్టి పిల్లులచేత నాకించుకుంటున్నారు.

అతను మళ్ళీ రాతి దగ్గరకు పోయి వంగాడు. దీపం సెమ్మె నుంచి మసి తీసి, అమ్మవారి గడ్డం కింద అద్దాడు.

"ఇక్కడ కాస్త మిగిలిపోయింది," అన్నాడు.

 పడాల్ గంప మూత తీయించాడు. తర్వాత దిసారి దాలమ్మతో, "నువ్వు అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. ఇక మీదట ఈ గుడి ముందు ఎవరూ ఉప్పు పట్టుకుని ఒట్టు పెట్టకూడదు," అన్నాడట. దాలమ్మ మళ్ళీ కొండ దిగలేదు. ఆ కొట్టు పంచలోనే ఇల్లు కట్టుకుని, చుక్కాని పిల్లలకూ వాటి పిల్లలకూ కాపలా ఉండి ఇక్కడే కన్నుమూసింది.

ఆనాటి నుంచి ఈ తల్లి మసిమొగం తల్లి అయింది. ఇక్కడ అమ్మవారికి పసుపు పూయరు. దిసారి వంశంలోని పూజారి దీపం సెమ్మె అందించి, "ఎక్కడ మిగిలింది?" అని అడుగుతాడు. వచ్చిన ప్రతివారూ వెతికి చూసి, తెల్లగా కనబడిన చోట తమ వేలితో మసి అద్దుతారు. వాన జల్లుకు కొంత, గాలికి కొంత ఎప్పుడూ చెరిగిపోతూనే ఉంటుంది, అందుచేత ఏ భక్తుడికీ చోటు లేకపోవడమనేది ఉండదు. విత్తే ముందు గుప్పెడు గింజలు తెచ్చి ఈ పిల్లుల ముందు పోసి, అవి వాసన చూశాక పొలానికి తీసుకుపోతారు. అలా చల్లిన చేనుకు ఎలుక బాధ ఉండదని నమ్మకం. మాట ఆలస్యమైన బిడ్డలను తెచ్చి వీటి అరుపు వినిపిస్తే నోరు విప్పుతారని తల్లులు చెప్పుకుంటారు. చేతనైనవారు చలికాలంలో గుడి పంచకు ఎండు పుల్లలు మోసి తెస్తారు.

రాయి దానంతటదే నల్లబడిందా, జోగమ్మ చేసిందా అని అడుగుతారు మీరు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మీకు తోచినట్టు అనుకోండి.

పొద్దు దిగిపోయింది. పదండి, ఇళ్ళలో అంబలి చల్లారిపోతుంది. వెళ్ళి కడుపునిండా తినండి.