ముగ్గు మీది బాదం ఆకులు

విరూపాక్షశాస్త్రిగారిని ఎవరేది అడిగినా ఆయన ముందు కళ్ళు మూసుకునేవారు. ఆలోచిస్తున్నారో, కునుకు తీస్తున్నారో శిష్యులకు ఏనాడూ అంతుపట్టలేదు. ఒకనాటి సాయంకాలం పాఠం ముగిసి అందరూ లేస్తుంటే, హైస్కూల్లో లెక్కలు చెప్పే చిదంబరం మాత్రం కూర్చున్నచోటే ఉండిపోయి ఒక ప్రశ్న వేశాడు. ఆత్మ గురించీ కాదు, మాయ గురించీ కాదు.

"గురువుగారూ, వాకిట్లో ఆకులు ఊదే బ్లోయరు కొందామనుకుంటున్నాను. పెట్రోలుది మంచిదంటారా, బ్యాటరీదా?"

తక్కిన శిష్యులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వరూ మరి! కానీ చిదంబరానికి అది నవ్వులాట కాదు. అతనిదీ, అన్న పశుపతిదీ ఎదురెదురు ఇళ్ళు, నడుమ ఒకటే గచ్చు వాకిలి. చిదంబరం వైపున్న బాదం చెట్టు మాఘమాసం రాగానే ఎర్రబడ్డ ఆకులన్నీ తీసుకెళ్ళి అన్న గుమ్మం ముందు రాల్చేది. చెట్టుకేం తెలుసు పాపం, ఎవరి వాటా ఎందాకో! కొట్టించెయ్యమని అన్న, అమ్మ నాటిన చెట్టు కొట్టించనని తమ్ముడు. మాటా మాటా పెరిగి, ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు పశుపతి వాకిలి మధ్య గోడ కట్టడానికి ఇటుకలు దింపించాడు. రథసప్తమి వెళ్ళగానే పని మొదలట. తల్లి పోయాక తనకు అన్నం కలిపి పెట్టి పెంచిన వదిన కామాక్షమ్మ ఇక గోడకు అవతలి మనిషి అవుతుందన్న తలపుకే చిదంబరానికి ముద్ద దిగడం లేదు. ఒక్క ఆకు కూడా అన్న వైపు లేకుండా చేస్తే ఆ గోడ ఆగుతుందేమోనని అతని ఆశ.

గురువుగారు చాలాసేపటికి కళ్ళు తెరిచారు. "ఆకుల్ని ఎటు ఊదుతావు నాయనా?"

"ఎటంటే... అవతలికేనండి."

"అవతల ఏముంది?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. గురువుగారు చేతికర్ర అందుకుంటూ, "రెండు మిషన్లూ అద్దెకు తెప్పించి ఉంచు. రథసప్తమి పొద్దున వచ్చి చూస్తాను" అన్నారు.

ఆ పొద్దున మంచు నేలదాకా దిగి ఉంది. గురువుగారు చిదంబరం అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని, వచ్చిన పని మరిచినట్టు కళ్ళు మూసుకున్నారు. కామాక్షమ్మ ఎప్పుడు లేచిందో ఏమో, తన గుమ్మం ముందు రథం ముగ్గు వేసి, ముగ్గుపిండి బేసిను అక్కడే ఉంచి లోపలికి వెళ్ళింది. రథానికి తాడు గీసి దాన్ని పొరుగు గుమ్మం దాకా లాగడం ఆ వీధి ఆనవాయితీ. ఏటా లాగినట్టే ఈ ఏడూ తాడు మరిది గుమ్మం దాకా లాగింది. దారిలో ఇటుకల గుట్ట అడ్డం వచ్చినచోట ఆ తెల్లని గీత పక్కకు తొలగి, గుట్టను చుట్టి మళ్ళీ ఇటే వచ్చింది. చిదంబరం దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

అంతలో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఆకులు మెల్లమెల్లగా రథం మీదికి దిగసాగాయి. అన్నయ్య లేచి ఇది చూస్తే ఇంకేమైనా ఉందా! చిదంబరం గబగబా బ్యాటరీ మిషను అందుకున్నాడు. అది తుమ్మెదలా జుమ్మంది. మంచుకు తడిసిన ఆకులు కాస్త వణికి ఊరుకున్నాయి. అతను దాన్ని పక్కనబెట్టి పెట్రోలు మిషను తాడు లాగాడు. ముగ్గన్నది పిండే కదా అన్న సంగతి, వీధి బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఆ లెక్కల మాస్టారికి ఆ క్షణాన తట్టలేదు.

రథం లేచిపోయింది. బేసిను బోర్లాపడి అందులో పిండీ లేచింది. పిండి మంచులో కలిసి వాకిలంతా తెల్లగా నిండిపోయింది. ఇల్లు లేదు, చెట్టు లేదు, ఇటుకలు లేవు. ఆ తెల్లదనంలో ఎర్రటి బాదం ఆకులు మాత్రం తొందరేమీ లేనట్టు నెమ్మదిగా తిరుగుతున్నాయి. మిషను హోరు కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టే వినిపించింది. చిదంబరానికి తానెటు నిలబడ్డాడో తెలియలేదు. అప్పుడు ఆ తెలుపులోంచి ఒక గొంతు వచ్చింది.

"ఒరేయ్ చిన్నోడా! కళ్ళు మూసుకోరా, పిండి పడుతుంది!"

వెంటనే ఒక చెయ్యి అతని కళ్ళకు అడ్డం పడింది. చిన్నప్పుడు తలంటులో కుంకుడు పులుసు పడకుండా అడ్డం పెట్టిన అన్న చెయ్యే అది. మిషను చేతిలోంచి జారి ఆగిపోయింది.

పిండి దిగాక చూస్తే అన్నదమ్ములిద్దరూ నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, ఎవరు పెద్దో ఎవరు చిన్నో పోల్చుకోలేనట్టు నిలబడి ఉన్నారు. కామాక్షమ్మ గుమ్మంలోకి వచ్చి రథం ఉండాల్సిన చోటు చూసింది, తర్వాత వాళ్ళిద్దర్నీ చూసింది. చిదంబరం తిట్లకు సిద్ధపడ్డాడు. ఆవిడకేమో నవ్వు ఆగలేదు.

"ఏడాది తర్వాత మాట్లాడుకోవడానికి నా రథమే దొరికిందా మీకు? ఈ అవతారాలతో లోపలికి రాకండి. పండగ స్నానాలు ఇంకా కాలేదుగా, ఆ ఆకులు పోగుచేసి తెండి, నీళ్ళు కాస్తాను. మీ అమ్మ ఏ ఆకులతో కాచేదనుకున్నారు?"

"అడుగునున్నవి ఎండే ఉంటాయి వదినా" అన్నాడు చిదంబరం, కళ్ళు తుడుచుకుంటూ. కళ్ళలో పిండి పడలేదు మరి.

"పొయ్యి ఏదీ? గీజరు వచ్చాక తీసేశాం కదా" అని గొణిగాడు పశుపతి. గొణిగి, కాసేపు అటూ ఇటూ చూసి, గుట్ట దగ్గరికి నడిచి మూడు ఇటుకలు తెచ్చి చెట్టు కింద పేర్చాడు. తమ్ముడు వాటి నడుమ ఆకులు పెట్టాడు. పొగ మంచులోకి వంపులు తిరుగుతూ పోయింది.

గురువుగారు శాలువా దులుపుకుని లేచారు. చిదంబరం పరుగున వచ్చి, "గురువుగారూ, మరి ఏది కొనమంటారు?" అని అడిగాడు.

ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఆకులు మిగిలితే అప్పుడడుగు" అన్నారు.